చక్కెర జబ్బు - నేతవారి కన్ను, కాలు

మగ్గము ముందు కూర్చున్నవారికి కన్నూ కాలే పెట్టుబడి. తెగిన పోగును పట్టునది కన్ను. తొక్కుడు పలకను నడుపునది కాలు. ఏండ్ల తరబడి అదుపు తప్పిన మధుమేహము ఈ రెంటిని, వానితోపాటు మూత్రపిండములను, గుండెను దెబ్బతీయును.

మన సభ్యులలో ఒక పెద్దాయన వట్టికాళ్లతో మగ్గపు గుంటలో దిగి నేసెడివారు. పలక చీలిక అరికాలిలో దిగినది. నొప్పి తెలియలేదు. మూడవనాడు ఇంటివారు నేలపై మరకలు చూచినప్పుడు గాని సంగతి బయటపడలేదు. చివరకు ఒక వేలు తీసివేయవలసి వచ్చినది. “నొప్పి లేదు గదా అని ఊరకుంటిని” అన్నారాయన. ఈ జబ్బులో నొప్పి లేకపోవుటే ప్రమాదమని మనమందరము గ్రహింపవలెను.

రక్తములో చక్కెర ఎక్కువగా నిలిచియుండిన సన్నని రక్తనాళములు, నరములు లోలోపల చెడును. బలము తగ్గిన పడుగు చూపునకు బాగుండి, బిగువు పడగానే తెగినట్లే ఇదియును. అయితే దీనిని ఆపుట మన చేతిలోనే యున్నది. బ్రిటనులో వేలమంది రోగులను సుమారు 10 సంవత్సరములు గమనించి 1998లో ఫలితములు ప్రకటించిరి. చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో ఇట్టి సన్ననాళముల చెరుపు నాలుగవ వంతు తగ్గినది.

చేయవలసిన పనులివి:

1. కన్ను: జబ్బు తెలిసిన వెంటనే, తరువాత ఏటేటా, చుక్కలు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకొనవలెను. కొన్ని గంటలు చూపు మసకగా నుండును. తోడు తీసికొని పొండు, ఆనాడు మగ్గము మానుడు. లేసరు చికిత్స ఉన్న చూపును కాపాడగలదు గాని, పోయిన చూపును సాధారణముగా తిరిగి తేలేదు. డాక్టరు వెంకటస్వామిగారు 1976లో మధురలో 11 పడకలతో ప్రారంభించిన అరవింద కంటి ఆసుపత్రికి 1997లో కోయంబత్తూరులోను శాఖ ఏర్పడినది.

2. కాలు: ప్రతి రాత్రి అరికాళ్లు, వేళ్ల సందులు చూచుకొనుడు, కనబడకున్న అద్దము పెట్టుకొనుడు. గుంటలో దిగుటకు ముందు పలకల చీలికలు, మేకులు సరిచేయుడు. వేడినీటి కాపడము వద్దు. పుండు, బొబ్బ కనిపించిన ఆనాడే వైద్యునికి చూపుడు.

3. మూత్రపిండము: ఏటా మూత్రములో ఆల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ పరీక్షించుకొనవలెను. నడుము నొప్పికని అంగడిలో నొప్పిమాత్రలు కొని మ్రింగుట మానుడు. అవి మూత్రపిండమును చెరుపవచ్చును.

4. లెక్క: హెచ్‌బిఎ1సి పరీక్ష మూడు నెలల సగటు చెప్పును. పెక్కుమందికి 7 శాతము లోపు మంచిది. వృద్ధులకు వైద్యుడు వేరుగా నిర్ణయించును. రక్తపుపోటును, కొలెస్ట్రాలును అదుపులో నుంచుకొనుడు. బీడి, పొగాకు విడువుడు. ఒంట్లో బాగున్నదని మాత్రలు ఆపకుడు.

మాత్రలు ఇంటికే చేర్చుటకు తమిళనాడు ప్రభుత్వము 2021 ఆగస్టులో ‘మక్కళై తేడి మరుత్తువమ్’ పథకమును ప్రారంభించినది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములో విచారించుడు.

పరీక్షకు పోయిన ఒకనాటి కూలి పోవును, నిజమే. కన్ను పోయిన మగ్గమే పోవును. కాబట్టి సభ్యులందరు నూలు లెక్క పుస్తకములో, బాకీ ప్రక్కనే, రాబోవు పరీక్ష తేదీ కూడ వ్రాసికొనవలెనని మనవి.