మలబార్ విన్యాసాలు: ఎవరు ఎప్పుడు చేరారు?

భారత్, అమెరికా నౌకాదళాలు 1992లో మలబార్ విన్యాసాలు మొదలుపెట్టాయి. 1998 పోఖ్రాన్ అణుపరీక్షలతో అమెరికా వీటిని ఆపేసింది. 2002లో పునరుద్ధరించారు. పోటీ పరీక్షల అభ్యర్థులు ఎక్కువగా తడబడేది భాగస్వామ్య దేశాల దగ్గరే. 2007లో బంగాళాఖాతంలో జపాన్, ఆస్ట్రేలియా, సింగపూర్ కూడా పాల్గొన్నాయి. చైనా అభ్యంతరం చెప్పింది, ఆస్ట్రేలియా చాలాకాలం దూరంగా ఉండిపోయింది. జపాన్ 2015లో శాశ్వత భాగస్వామి అయింది. ఆస్ట్రేలియా 2020లో తిరిగొచ్చింది. ఆ ఏడాది తొలి దశకు వేదిక మన విశాఖ తీరమే. 2023లో సిడ్నీ, 2024లో మళ్లీ విశాఖ.

భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా నాలుగూ క్వాడ్ కూటమి దేశాలే. అయినా మలబార్‌ను క్వాడ్ కార్యక్రమంగా రాస్తే తప్పే.

మలబార్, టైగర్ ట్రయంఫ్ వేర్వేరు. టైగర్ ట్రయంఫ్ విపత్తు సహాయంపై భారత్, అమెరికా త్రివిధ దళాల విన్యాసం. 2019లో విశాఖ, కాకినాడల్లో మొదలైంది.