వీధి అందరిదీ, తీగ ఎవరిది?

మీ వీధిలోని కరెంటు స్తంభాన్ని ఒకసారి కింద నిలబడి పరిశీలనగా చూడండి. పైన కరెంటు తీగలుంటాయి. వాటికి బాగా కిందుగా నల్లని తొడుగున్న తీగలు స్తంభం నుంచి స్తంభానికి వేలాడుతూ పోతుంటాయి. అక్కడక్కడ ఒక చిన్న డబ్బా, దాని నుంచి ఇళ్ళలోకి పోయే సన్నని తీగలు కనిపిస్తాయి. అవి కేబుల్ టి.వి. తీగలు, ఇంటర్‌నెట్ తీగలు.

ఆ తీగ ఒక కంపెనీది. కాని అది సాగిపోయే వీధి కంపెనీది కాదు, ఊరందరిదీ. మరి ఊరి వీధిని వాడుకుంటున్నందుకు ఆ కంపెనీ ఊరికి ఏమివ్వాలి? అమెరికాలోని పట్టణాలు ఈ ప్రశ్నను గట్టిగా అడిగాయి. వాటికి దొరికిన జవాబు ఏమిటో, ఆ జవాబుకు ఇప్పుడు ఎలాంటి కష్టం వచ్చిందో తెలుసుకుందాం. ముందుగా అసలు తీగ అవసరం ఎందుకు వచ్చిందో చూడాలి.

కొండ చాటు ఊళ్ళు

టి.వి. కేంద్రం బొమ్మనూ ధ్వనినీ విద్యుదయస్కాంత తరంగాలుగా మార్చి ఆకాశంలోకి పంపుతుంది. అమెరికాలో తొలినాటి టి.వి. చానళ్ళలో ఎక్కువ భాగం 54 నుంచి 216 మెగాహెర్ట్‌జ్ మధ్య పౌనఃపున్యాలను వాడుకున్నాయి. తరంగవేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుందని మీరు చదువుకున్నారు కదా! సెకనుకు 30 కోట్ల మీటర్ల వేగాన్ని 54 మెగాహెర్ట్‌జ్‌తో, అంటే 5 కోట్ల 40 లక్షలతో భాగిస్తే సుమారు 5.6 మీటర్లు వస్తుంది. 216 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఇది 1.4 మీటర్లే.

వందల మీటర్ల తరంగదైర్ఘ్యం గల మీడియం వేవ్ రేడియో తరంగాలు నేలను అంటిపెట్టుకుని దూరం పోగలవు. ఈ పొట్టి తరంగాలు మాత్రం చాలా వరకు వెలుతురు లాగే తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉండటంవల్ల కొంత దూరం పోయాక అవి నేలను వదిలి పైకి వెళ్ళిపోతాయి. స్తంభం ఎత్తు మీటర్లలో తెలిస్తే, ఆ ఎత్తుకు వర్గమూలం కట్టి 3.57తో గుణించండి. స్తంభం కొస నుంచి దిగ్మండలం ఎన్ని కిలోమీటర్లో తెలుస్తుంది. 100 మీటర్ల స్తంభానికి సుమారు 36 కిలోమీటర్లు. గాలి పొరల్లో తరంగాలు కొద్దిగా వంగుతాయి కనుక ఇంకొంచెం దూరం అందవచ్చు. మధ్యలో కొండ అడ్డు వస్తే మాత్రం దాని వెనుక ఊరు నీడలో పడినట్లే.

1948 నవంబరులో సియాటిల్ నగరంలో ఒక టి.వి. కేంద్రం ప్రసారాలు ప్రారంభించింది. అక్కడికి సుమారు 200 కిలోమీటర్ల దూరంలో, ఆరెగాన్ రాష్ట్రంలో ఆస్టోరియా అనే పట్టణం ఉంది. ఆ ఊళ్ళో ఎడ్ పార్సన్స్ అనే ఆయన రేడియో కేంద్రం నడిపేవాడు. తరంగాలు బలహీనంగానైనా ఎక్కడ దొరుకుతాయోనని ఆయన ఊరంతా గాలించాడు. చివరికి ఒక హోటలు మిద్దె మీద ఆంటెన్నా నిలబెట్టి, అక్కడినుంచి వీధి దాటించి తన ఇంటికి తీగ లాగాడు. బొమ్మ చూడటానికి జనం ఆయన ఇంటికి ఎగబడ్డారు. దాంతో ఇతర ఇళ్ళకూ తీగలు వెళ్ళాయి. పెన్సిల్వేనియా రాష్ట్రపు కొండ ఊళ్ళలోనూ దాదాపు అదే కాలంలో ఇలాంటి ప్రయత్నాలు జరిగాయి. కొండ మీద ఒకే ఒక ఆంటెన్నా, దాని నుంచి ఊరందరికీ తీగ! అందుకే కేబుల్ టి.వి.కి మొదట్లో 'ఊరుమ్మడి ఆంటెన్నా' అన్న అర్థం వచ్చే పేరుండేది.

తీగ లోపల ఏముంది?

పాతరకం కేబుల్‌ను అడ్డంగా కోస్తే నడుమ ఒక రాగి తీగ, దాని చుట్టూ విద్యుద్బంధకం, దాని చుట్టూ లోహపు అల్లిక, ఆపైన నల్లని తొడుగు కనిపిస్తాయి. లోహపు అల్లిక రెండు పనులు చేస్తుంది. బయటి తరంగాలను లోపలికి రానివ్వదు. లోపలి సంకేతాన్ని బయటికి పోనివ్వదు.

అయితే తీగ పొడవు పెరిగేకొద్దీ సంకేతం క్షీణిస్తుంది. పౌనఃపున్యం ఎక్కువైతే క్షీణత ఇంకా ఎక్కువ. అందుకని కొన్ని వందల మీటర్లకొకటి చొప్పున ఆంప్లిఫయర్లు పెట్టి సంకేతాన్ని బలపరుస్తారు. ఇక్కడొక చిక్కు ఉంది. ఆంప్లిఫయర్ మంచి సంకేతంతోపాటు అందులో కలిసిన రొదను కూడా పెంచుతుంది; పైగా తన రొదను కొంత చేరుస్తుంది. కనుక వరసలో మొదటి ఇంట్లో బొమ్మ శుభ్రంగా ఉండి, చివరి ఇంట్లో చుక్కలు చుక్కలుగా కనిపించవచ్చు. ఇద్దరూ కట్టే చందా మాత్రం ఒకటే! మొదటి ఇంట్లో కొలిచి చూపించి 'అంతా బాగుంది' అంటే చివరి ఇంటివారు ఊరుకుంటారా? ఊరుకోకూడదు. చివరి ఇంట్లో కూడా కొలవమని అడిగేవారు ఒకరుండాలి.

ఎవరు అడగాలి?

బొమ్మ బాగాలేకపోతే ఇంకో కంపెనీకి మారవచ్చు కదా అని మీకు తోచవచ్చు. ఒక ఊరికి రెండు మంచినీటి గొట్టాల వరసలు ఎందుకుండవో ఆలోచించండి. ఊరంతా గొట్టం వేయడానికి పెద్ద ఖర్చు. ఒకరు వేశాక రెండోవారు అంత ఖర్చూ పెట్టినా వాడుకదార్లలో సగం మందే దొరుకుతారు. కేబుల్ తీగ విషయమూ అంతే. అమెరికాలో చాలాకాలం చాలా ఊళ్ళలో ఒకే ఒక కేబుల్ కంపెనీ ఉండేది. పోటీ లేనిచోట వినియోగదారుడి మాటకు బలం ఉండదు.

ఆ బలాన్ని పురపాలక సంఘాలు ఇచ్చాయి. వీధుల అజమాయిషీ వాటిదే కనుక, 'మా వీధిలో తీగ వేసుకోవచ్చు, కాని ఈ షరతులకు లోబడి' అని కొన్నేళ్ళ గడువుతో కంపెనీలతో ఒప్పందం రాసుకున్నాయి. ఏయే వీధులకు తీగ చేరాలి, ఫిర్యాదులు ఎవరు వినాలి, తవ్విన వీధిని ఎవరు పూడ్చాలి లాంటివన్నీ ఒప్పందంలో ఉంటాయి. వినియోగదార్ల రక్షణకోసం 1992లో ఒక కేంద్ర చట్టం వచ్చింది. దానిని అనుసరించి 1993లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ సేవా ప్రమాణాలు నిర్ణయించింది. మామూలు పరిస్థితుల్లో నూటికి 90 సార్లు ఫోనుకు 30 సెకన్లలోపు మనిషి జవాబివ్వాలి, ప్రసారం ఆగిపోయినట్లు తెలిశాక 24 గంటలు దాటకుండా మరమ్మతు మొదలుపెట్టాలి అన్నవి వాటిలో కొన్ని. 'మంచి సేవ చేయాలి' అని రాస్తే ఎవరూ తప్పు పట్టలేరు. '30 సెకన్లు' అని రాస్తే గడియారం పట్టుకుని ఎవరైనా తేల్చగలరు. సైన్సులోనే కాదు, పరిపాలనలోనూ కొలత అంత విలువైనది.

ఒక చానల్ మాకూ కావాలి

సేవ బాగుండటం ఒక ఎత్తు. ఆ తీగలో ఎవరి మాట వినిపించాలన్నది ఇంకొక ఎత్తు.

కెనడాలో ఫోగో అనే దీవి ఉంది. అక్కడివారు చేపలు పట్టి బతికేవారు. 1960ల్లో పని దొరకడం కష్టమైంది. దీవిని ఖాళీ చేయించి జనాన్ని వేరేచోటికి తరలించాలన్న ఆలోచన ప్రభుత్వంలో ఉండేది. 1967లో కెనడా నేషనల్ ఫిలిం బోర్డుకు చెందిన కాలిన్ లో అక్కడికి వెళ్ళి, దీవివాసులు తమ బాధలు తామే చెబుతుండగా 20కి పైగా చిన్న చిత్రాలు తీశాడు. వాటిని ఒక పల్లె తర్వాత ఒక పల్లెలో వేసి చూపారు. విడివిడిగా బతుకుతున్న పల్లెలకు తమ కష్టం ఒకటేనని తెలిసింది. అధికారులకూ ఆ చిత్రాలు చూపారు. మంత్రి చెప్పిన జవాబును కూడా చిత్రంగా తీసి దీవిలో చూపారు. దీవివాసులు సహకార సంఘం పెట్టుకుని తమ గడ్డ మీదే నిలిచారు. చిత్రాలవల్లనే అంతా జరిగిందని అనలేం. కాని ఒకరి మాట ఒకరికి వినిపించడం అందుకు ఎంతో తోడ్పడింది.

ఆ ఫిలిం బోర్డు పథకంలో పనిచేసిన జార్జ్ స్టోనీ తర్వాత న్యూయార్క్ చేరుకున్నాడు. 1971లో రెడ్ బర్న్స్ అనే ఆమెతో కలిసి న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో ఒక కేంద్రం స్థాపించి, మామూలు జనానికి వీడియో కెమెరా పట్టడం నేర్పాడు. చేత పట్టుకుని తిప్పగల చిన్న వీడియో కెమెరాలు అప్పుడప్పుడే వచ్చాయి. న్యూయార్క్ నగరం 1970లో రెండు కేబుల్ కంపెనీలతో చేసుకున్న ఒప్పందంలో పౌరులకోసం చానళ్ళు కేటాయించాలని షరతు పెట్టింది. 1971 జులైలో అవి మొదలయ్యాయి. ముందు వచ్చినవారికి ముందు అవకాశం. కార్యక్రమంలో ఏముండాలో కంపెనీ నిర్ణయించకూడదు. ఇలాంటి చానళ్ళు మూడు రకాలు: పౌరులవి, విద్యాసంస్థలవి, స్థానిక ప్రభుత్వానివి. పురపాలక సమావేశాన్ని ఇంట్లో కూర్చుని చూడగలగడం ఈ మూడో రకంవల్లనే.

ఇలా ఇవ్వడానికి చోటు ఉందా? ఉంది. అమెరికాలో ఒక టి.వి. చానల్‌కు 6 మెగాహెర్ట్‌జ్ వెడల్పు కావాలి. గాలిలో ఇరుగుపొరుగు నగరాల ప్రసారాలు ఒకదానినొకటి పాడుచేయకుండా చాలా చానళ్ళను ఖాళీగా వదలాలి. తీగలో ఆ బెడద లేదు. 300 మెగాహెర్ట్‌జ్ దాకా పనిచేసే కేబుల్‌లో దాదాపు 35 చానళ్ళు పట్టేవి. అందులో రెండో మూడో ఊరికి ఇస్తే కంపెనీకి పెద్ద లోటు రాదు.

అయినా గొడవ తప్పలేదు. 1972లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ పెద్ద నగరాల ప్రాంతాల్లోని కొత్త కేబుల్ వ్యవస్థలు ఈ చానళ్ళు ఇవ్వాలని నియమం చేసింది. ఇలాంటి నియమాలు చేసే అధికారం కమిషన్‌కు లేదని 1979లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. 1984లో కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, చట్టం చేసింది. ఒప్పందంలో ఇలాంటి చానళ్ళు కోరే హక్కు స్థానిక ప్రభుత్వాలకు ఇచ్చింది. వీధి వాడుకున్నందుకు కేబుల్ ఆదాయంలో నూటికి 5 వంతులు మించకుండా రుసుము తీసుకోవచ్చని చెప్పింది.

ద్వేషం మాట్లాడితే?

అందరికీ తలుపు తెరిస్తే చెడ్డవారూ రావచ్చు కదా! మిసోరీ రాష్ట్రంలోని కాన్సాస్ సిటీలో 1988లో అదే జరిగింది. నల్లజాతివారిపై ద్వేషం నూరిపోసే కు క్లక్స్ క్లాన్ అనే సంస్థ తనకూ కార్యక్రమం కావాలంది. నగరపాలక మండలి ఏకంగా పౌరుల చానల్‌నే రద్దు చేసింది. వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. 1989లో మండలి చానల్‌ను తిరిగి తెరిచింది. అధికారంలో ఉన్నవారికి నచ్చనివారి నోరు మూయవచ్చని ఒప్పుకుంటే, రేపు మన నోరు మూయడానికీ అదే నియమం పనికొస్తుంది. మరోవైపు, ద్వేషానికి గురయ్యేవారి భయమూ నిజమైనదే. మీరు ఆ మండలి సభ్యులైతే ఏం చేసేవారు? తరగతిలో చర్చించండి.

ఇప్పటి పరిస్థితి

2005లో టెక్సాస్, 2006లో కాలిఫోర్నియా ఈ ఒప్పందాల అధికారాన్ని పట్టణాల నుంచి రాష్ట్రానికి మార్చాయి. కేబుల్ టి.వి. మానేసి ఇంటర్‌నెట్‌లోనే కార్యక్రమాలు చూసేవారు పెరిగారు. వీధి అదే, స్తంభం అదే, చాలాచోట్ల తీగ కూడా అదే. కాని రుసుము కట్టేది కేబుల్ టి.వి. ఆదాయం మీద. ఆ ఆదాయం తగ్గితే ఊరికి వచ్చేదీ తగ్గుతుంది. ఆ డబ్బుతో నడిచే స్టూడియోలూ చిక్కిపోతాయి.

ఇంటర్‌నెట్‌లో ఎవరైనా వీడియో పెట్టవచ్చు కదా, ఇంకా ఈ చానళ్ళెందుకని అడగవచ్చు. చోటుకు ఇప్పుడు కొరత లేని మాట నిజమే. కాని అక్కడ ఏది ముందు చూపాలో, ఏది తీసేయాలో ఒక దూరపు కంపెనీ నిర్ణయిస్తుంది. దానితో మీ ఊరికి ఒప్పందం లేదు. కెమెరా పట్టడం నేర్పే గది, పురపాలక సమావేశాన్ని మొదటినుంచి చివరిదాకా చూపే ఓపిక కూడా ఒక వీడియో మీట నొక్కితే రావు.

మన దేశంలో 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి ఒకరు. అదే ఏడు వచ్చిన కేబుల్ చట్టం కొన్ని దూరదర్శన్ చానళ్ళను తప్పనిసరి చేసింది. పౌరులకంటూ చానల్ కేటాయించలేదు. కాని వేరే దారిలో ఆ ఆలోచన మన నేలమీదకూ వచ్చింది. 2008లో నేటి సంగారెడ్డి జిల్లా మాచునూరులో దళిత మహిళలు నడిపే సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్‌జ్ మీద ప్రసారాలు మొదలుపెట్టింది. తమ పంటల గురించి, విత్తనాల గురించి తమ యాసలోనే మాట్లాడుకునే రేడియో అది.

మీరే చేయండి

1. 225 మీటర్ల స్తంభం నుంచి దిగ్మండలం ఎంత దూరమో లెక్కకట్టండి.

2. ఒక పట్టణంలో 10,000 ఇళ్ళు నెలకు 50 డాలర్ల చొప్పున కేబుల్ చందా కడుతున్నాయనుకోండి. నూటికి 5 వంతున ఏడాదికి ఊరికి ఎంత వస్తుంది? ఇళ్ళు 6,000కు తగ్గితే ఎంత?

3. మీ వీధి స్తంభం మీద ఎన్ని రకాల తీగలున్నాయో దూరం నుంచే లెక్కపెట్టండి. స్తంభాన్ని గాని, తెగి వేలాడే తీగను గాని ముట్టుకోకండి. ఏ తీగ ఎవరిదో, స్తంభం వాడుకున్నందుకు ఎవరికి ఎంత కడుతున్నారో పెద్దలను అడిగి రాసుకోండి.

(జవాబులు: 1. సుమారు 53.6 కిలోమీటర్లు. 2. 3 లక్షల డాలర్లు. 1 లక్షా 80 వేల డాలర్లు. మూడో ప్రశ్నకు జవాబు మీ ఊళ్ళోనే దొరకాలి.)