‘కరెంట్’ ఒక్కటి చాలు

పోటీ పరీక్షలకు చదివే పిల్లల నోటుపుస్తకాలు ఎప్పుడైనా తిరగేశారా? పేజీ మధ్యలో నిలువుగా గీత. ఎడమ పక్క ఇంగ్లిషు మాట, కుడి పక్క తెలుగు అర్థం. రోజుకు ఇరవై మాటల చొప్పున బట్టీ. తీరా పరీక్ష హాల్లో అదే మాట ఇంకో వాక్యంలో కనబడేసరికి చెయ్యి ఆడదు. లోపం జ్ఞాపకశక్తిలో లేదు, చదివిన పద్ధతిలో ఉంది. మాటకు ఒకే అర్థం ఉంటుందన్న నమ్మకమే కొంప ముంచుతోంది.

రోజుకు ఇరవై మాటలు మానేయండి. వారానికి ఒక్క మాట పట్టుకోండి. అది ఎక్కడెక్కడ పనిచేస్తోందో అక్కడికల్లా దాని వెంట పడండి. మొదటి వారానికి మాట నేనే ఇస్తాను: కరెంట్.

ఇందులో తెలియనిదేముంది అంటారా? నిజమే, బడి మెట్లెక్కని అవ్వ కూడా ‘కరెంటు పోయింది’ అంటుంది. కానీ ఈ మాట తీగల్లోకి రాకముందు కొన్ని వందల ఏళ్లు నీళ్లలో ఉంది. లాటిన్‌లో ‘కుర్రెరె’ అంటే పరుగెత్తడం. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులో చేరి, 14వ శతాబ్దానికే నీటి ప్రవాహాన్ని చెప్పే మాటైంది. అలాగని వాగుకో నదికో ఇది పేరు కాదు. వాగు స్ట్రీమ్, నది రివర్. ఆ నీటిలో మనిషిని లాక్కుపోయే వడి ఉందే, అది కరెంట్. ‘ఏట్లో దిగకండి, వడి ఎక్కువగా ఉంది’ అని చెప్పాలంటే ‘ద కరెంట్ ఈజ్ స్ట్రాంగ్’ అంటే సరిపోతుంది. వానకైతే హెవీ, వడికైతే స్ట్రాంగ్. ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో తెలియడమే సగం ఇంగ్లిషు.

సముద్రం ఒడ్డున ‘స్ట్రాంగ్ కరెంట్స్’ అన్న హెచ్చరిక బోర్డు కనబడితే, కరెంట్ అంటే విద్యుత్తేనని నేర్చుకున్నవాడికి ఏం అర్థమవుతుంది? ఆ బోర్డు చెప్పేది ఒడ్డు నుంచి లోపలికి లాగేసే నీటి వడి గురించి. దాన్ని రిప్ కరెంట్ అంటారు. అందులో చిక్కుకుంటే దానికి ఎదురీది ఒడ్డుకు రావాలని చూడకూడదు, బలమంతా అక్కడే అయిపోతుంది. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ లాగుడు నుంచి తప్పుకున్నాక తీరానికి రావాలి. ఇంగ్లిషు మాట ఒకటి సరిగ్గా తెలిస్తే ప్రాణం నిలబడే సందర్భాలు కూడా ఉంటాయి.

ఈ కరెంట్ కథలో నాకు బాగా ఇష్టమైన ఘట్టం బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది. 1768 ప్రాంతంలో ఆయన లండన్‌లో ఉన్నాడు, అమెరికా వలస రాజ్యాల తపాలా వ్యవహారాలు ఆయన చేతిలో ఉన్నాయి. ఇంగ్లండ్ నుంచి న్యూయార్క్ వెళ్లే తపాలా ఓడలు మామూలు సరుకు ఓడల కంటే రెండు వారాలు ఆలస్యంగా చేరుతున్నాయని ఫిర్యాదు వచ్చింది. ఫ్రాంక్లిన్ వెళ్లి పెద్ద అధికారిని అడగలేదు. నాన్‌టకెట్ దీవికి చెందిన తన బంధువు, ఓడ నడిపే తిమోతీ ఫోల్జర్‌ను అడిగాడు. ఫోల్జర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. అట్లాంటిక్‌లో పెద్ద ప్రవాహం ఒకటుంది. తిమింగలాలు దాని అంచుల వెంట తిరుగుతాయి కాబట్టి, వాటిని వేటాడే నాన్‌టకెట్ వాళ్లకు దాని పోకడంతా తెలుసు. తపాలా ఓడలు ఆ ప్రవాహానికి ఎదురుగా పడి కొట్టుకుంటున్నాయి. అడ్డంగా దాటి బయటపడమని వేటగాళ్లు చెప్పినా, ఆ ఓడల కెప్టెన్లు చేపలు పట్టేవాళ్ల మాట మేం వినడమేమిటని పెడచెవిన పెట్టారు.

ఫ్రాంక్లిన్ ఆ దారిని ఫోల్జర్ చేత గీయించి, పటంగా అచ్చు వేయించాడు. ఆ ప్రవాహం పేరే గల్ఫ్ స్ట్రీమ్, గల్ఫ్ స్ట్రీమ్ పటం అంటే అదే. ఇంగ్లిషు కెప్టెన్లు దాన్నీ పట్టించుకోలేదు. ఆయన మాత్రం వదల్లేదు. 1775లో, 1776లో, మళ్లీ 1785లో అట్లాంటిక్ దాటుతున్నప్పుడు సముద్రపు నీటి వేడిని థర్మామీటరుతో కొలిచి రాసుకున్నాడు. ఆ ప్రవాహం చుట్టుపక్కల నీటి కంటే వెచ్చగా ఉంటుంది కాబట్టి, వేడిని బట్టి దాని హద్దు తెలుస్తుంది. చివరి ప్రయాణం నాటికి ఆయనకు 79 ఏళ్లు. నేర్చుకోవడానికి వయసు దాటిపోయిందని అనేవాళ్లు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోవాలి.

విద్యుత్తును కంటికి కనబడని ఒక ద్రవంలా ఊహించి, దానికి ప్లస్, మైనస్ అని పేర్లు పెట్టినవాడూ ఈ ఫ్రాంక్లినే. 18వ శతాబ్దపు శాస్త్రవేత్తలు విద్యుత్తు నీటిలా పారుతుందని భావించారు కాబట్టే నీటి మాట తీగల్లోకి ఎక్కింది. శ్రీశైలంలో కృష్ణ నీటి వడి టర్బైన్లను తిప్పి మన ఇంటి కరెంటు అవుతోంది. రెంటికీ ఒకే పేరు ఎందుకుందో పిల్లలకు చెప్పడానికి అంతకంటే మంచి చోటు లేదు.

ఇక్కడే మనం పొరబడే సంగతి ఒకటుంది. విద్యుత్తు విషయంలో ఇంగ్లిషులో కరెంట్ అంటే తీగలో పారే ప్రవాహం మాత్రమే, దాన్ని ఆంపియర్లలో కొలుస్తారు. మోటారు స్టార్టర్ డబ్బా మీద ఊగే ముల్లు చూపించేది దాన్నే. నెలనెలా మనం డబ్బు కట్టేది యూనిట్లకు, అంటే వాడుకున్న శక్తికి. అందుకని ‘కరెంట్ బిల్లు’ ఇంగ్లిషులో ఎలక్ట్రిసిటీ బిల్ అవుతుంది. ‘కరెంటు పోయింది’ అన్నదాన్ని ‘కరెంట్ వెంట్’ అంటే విదేశీయుడికి బోధపడదు. ‘ద పవర్ ఈజ్ అవుట్’ అనండి. అమెరికా వెళ్లిన మన పిల్లలు అపార్ట్‌మెంట్ ఆఫీసుకు ఫోన్ చేసేటప్పుడు ఇది పనికొస్తుంది. ఇంట్లో మాత్రం హాయిగా ‘కరెంటు’ అనే అనండి, అది తెలుగు మాటైపోయి చాలా కాలమైంది.

పారే నీరు ఈ క్షణాన కళ్ల ముందు ఉంటుంది. ‘ఇప్పుడు నడుస్తున్న’ అన్న అర్థం అక్కడి నుంచే. కరెంట్ అఫైర్స్ అంటే నడుస్తున్న సంగతులు. బ్యాంకులో కరెంట్ అకౌంట్ అంటే డబ్బు నిలవ ఉండే చోటు కాదు, వ్యాపారంలో వస్తూ పోతూ ఉండే చోటు. అందుకే దానికి వడ్డీ రాదు. ఎన్నికలప్పుడు విలేకరులు రాసే ‘అండర్ కరెంట్’ పైకి కనబడకుండా లోపల లాగుతున్న జనాభిప్రాయం. ‘స్విమ్మింగ్ అగైనెస్ట్ ద కరెంట్’ అంటే మన ఏటికి ఎదురీదడమే.

ఇక దీని చుట్టాలను పిలవండి. చేతులు మారుతూ పోయేది కరెన్సీ. ఉత్తరాలతో పరుగెత్తేవాడు కొరియర్. తెర మీద పరుగులు పెట్టేది కర్సర్. మళ్లీ మళ్లీ వచ్చేది రికరింగ్ డిపాజిట్. గ్రూప్స్ రాసేవాళ్లకు అసలు విందు ‘కాంకరెంట్’. కలిసి పరుగెత్తేదని దాని అర్థం. రాజ్యాంగం ఏడో షెడ్యూలులోని కాంకరెంట్ లిస్ట్, అంటే ఉమ్మడి జాబితాలో, కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయవచ్చు. 1976లో 42వ సవరణతో విద్య చేరింది అందులోనే. కోర్టు రెండు శిక్షలను కాంకరెంట్‌గా అనుభవించాలంటే రెండూ ఒకేసారి నడుస్తాయి. కాన్సెక్యుటివ్ అంటే ఒకటి అయ్యాక ఇంకొకటి. ఆ రెండు మాటల మధ్య తేడా కొన్నేళ్ల జైలు. చుట్టంలా కనబడుతూ చుట్టం కానిదీ ఒకటుంది. ఇంచుమించు ఇలాగే పలికే ‘కరంట్’, స్పెల్లింగులో ‘ఈ’ బదులు ‘ఏ’ ఉంటుంది, చిన్న ఎండుద్రాక్ష. అది గ్రీసులోని కొరింత్ ఊరి పేరు నుంచి వచ్చింది.

చూశారుగా, ఒక్క మాట వెంట పడితే సముద్రం, విద్యుత్తు, బ్యాంకు, రాజ్యాంగం, కోర్టు అన్నీ వచ్చాయి. ఇవి బట్టీ పట్టనక్కర్లేదు, ఒకదాన్ని ఒకటి గుర్తు చేస్తాయి.

చేయాల్సిన పని చాలా తేలిక. ఒక పేజీ మొత్తం ఒకే మాటకు ఇవ్వండి. దాని పుట్టుక ఒక వాక్యంలో రాయండి. కింద మీరు స్వయంగా అల్లిన వాక్యాలు రాయండి, నిఘంటువులోవి ఎక్కించవద్దు. ఆ తర్వాత ఫ్రాంక్లిన్ చేసిన పని చేయండి. ఆ మాటతో రోజూ పనిచేసేవాళ్లను అడగండి. కరెంట్ అకౌంట్‌కూ సేవింగ్స్ ఖాతాకూ తేడా బ్యాంకు గుమాస్తా నిమిషంలో చెబుతాడు. ఆంపియర్ అంటే ఏమిటో ఎలక్ట్రీషియన్ స్విచ్ బోర్డు విప్పి చూపిస్తాడు. ఇంగ్లిషు రాని మనిషి ఇంగ్లిషు మాట అర్థమేం చెబుతాడని అనుకోకండి. ఆ తపాలా ఓడల కెప్టెన్లు అలా అనుకునే రెండేసి వారాలు పోగొట్టుకున్నారు.

వచ్చే వారానికి ‘స్ట్రీమ్’ తీసుకోండి. వాగుతో మొదలుపెట్టి ఇంటర్ గ్రూపులు, ఫోన్‌లో లైవ్ స్ట్రీమింగ్, నవలల్లో చైతన్య స్రవంతి దాకా వెళ్లండి. అంపశయ్య నవీన్‌కు ఇంటిపేరుగా నిలిచిపోయిన నవల ఆ పద్ధతిలో రాసిందేనని మీ పేజీలో చేర్చుకోండి. మిగతాది మీరే వెతికి రాయండి, పేజీ నిండాక ఇంట్లో ఎవరికైనా చదివి వినిపించండి.