ఆటల శిల్పి షిగెరు మియామోటో

ఆట అనగానే మైదానం, బంతి, చెమట మన మనస్సులో మెదులుతాయి. ఇరవయ్యవ శతాబ్దపు ద్వితీయార్ధంలో ఆట గాజుతెర మీదికి ఎక్కింది. వీడియో గేమ్ అనే ఈ కొత్త వినోదాన్ని తొలిరోజుల్లో తీర్చిదిద్దినవారు చాలావరకు ఇంజనీర్లు. యంత్రంతో ఏమేమి చేయించవచ్చునన్నదే వారి ఆసక్తి. ఆడే మనిషికి ఆ క్షణంలో ఏమి తోస్తుంది, అతడి చెయ్యి ఎటు కదులుతుంది అన్న ప్రశ్నను ఆ రంగంలో నిలబెట్టినవారిలో అగ్రగణ్యుడు జపాన్ దేశీయుడైన షిగెరు మియామోటో. ఆయన ఇంజనీరు కాదు. బొమ్మలు గీయడం నేర్చినవాడు. దర్శకునిగా, అనంతరం నిర్మాతగా ఆయన సాగించిన కృషి నాలుగు దశాబ్దాలకు మించినది.

మియామోటో 1952 నవంబరు 16వ తేదీన క్యోటో నగరానికి వాయవ్య దిశలో ఉన్న సొనొబె అనే చిన్న పట్టణంలో జన్మించారు. చుట్టూ కొండలు, పొలాలు, వాగులు. కర్రముక్కలతో, దారాలతో తన ఆటబొమ్మలను తానే చేసుకునేవారు. చిత్రకథలు గీసి జీవించాలన్నది ఆనాటి ఆయన కోరిక. ఒకనాడు ఊరి పరిసరాలలో తిరుగుతుండగా ఒక గుహ కనిపించింది. లోపలికి పోవడానికి భయం, పోకుండా ఉండలేని కుతూహలం. పలుమార్లు ద్వారం దాకా వెళ్ళి తిరిగివచ్చిన ఆ బాలుడు చివరకు ఒక దీపం చేతబట్టుకొని లోనికి అడుగుపెట్టాడు. ఈ అనుభవాన్ని ఆయన పెద్దయిన తరువాత అనేక పర్యాయాలు ప్రస్తావించారు. ప్రసిద్ధుల బాల్యాన్ని గురించిన కథలు కాలక్రమంలో నునుపుదేలుతాయి గనుక వాటిని కొంత జాగ్రత్తగానే స్వీకరించాలి. కానీ ఈ గుహ ఆయన ఆటలలో మాటిమాటికీ ఎదురవుతుందన్నది మాత్రం నిజం.

కనజావా నగరంలోని కళాశాలలో ఆయన పారిశ్రామిక రూపకల్పన చదివారు. నాలుగేళ్ళ చదువు పూర్తికావడానికి ఐదేళ్ళు పట్టింది. సంగీతం మీద, బొమ్మల మీద ఉన్న శ్రద్ధ తరగతి గది మీద ఉండేది కాదు. 1977లో తండ్రి తన పరిచయాల ద్వారా నింటెండో సంస్థ అధ్యక్షుడు హిరోషి యమౌచిని కలిసే అవకాశం కల్పించారు. 1889లో క్యోటోలో పేకముక్కల తయారీతో ఆరంభమైన ఆ సంస్థ అప్పటికి ఆటవస్తువులు, విద్యుత్ ఆటల వైపు మళ్ళుతోంది. పిల్లలకోసం జంతువుల ఆకారంలో తాను రూపొందించిన బట్టల హ్యాంగర్లను వెంటబెట్టుకొని వెళ్ళిన ఆ యువకునికి ఉద్యోగం లభించింది. యంత్రాల పెట్టెలకు రూపురేఖలు దిద్దడం, వాటి మీద చిత్రాలు గీయడం ఆయన తొలి విధులు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది ఒక వైఫల్యం. అది ఆయన వైఫల్యం కాదు, సంస్థది. నింటెండో తన 'రాడార్ స్కోప్' అనే ఆట యంత్రాలను సుమారు 3,000 వరకు అమెరికాకు పంపింది. నాణెం వేసి ఆడే ఆ యంత్రాలు సముద్రం దాటి చేరేసరికి అక్కడివారి అభిరుచి మారిపోయింది. దాదాపు 2,000 యంత్రాలు అమ్ముడుపోక గోదాములోనే మిగిలిపోయాయి. అమెరికా శాఖను నడుపుతున్న మినోరు అరకావా యమౌచికి అల్లుడు కూడా. శాఖ మూతపడే స్థితి వచ్చింది. ఆ పెట్టెలను పారవేయకుండా, లోపలి భాగాలను మార్చి, అదే తెర మీద మరో ఆట నడిపించాలి. ఆ పని అప్పటివరకు ఒక్క ఆటనూ స్వయంగా రూపొందించని మియామోటోకు అప్పగించారు. అనుభవజ్ఞుడైన గుంపే యొకోయ్ పర్యవేక్షకుడుగా ఉన్నారు. ప్రోగ్రామును బయటి సంస్థకు చెందిన ఇంజనీర్లు వ్రాశారు.

అప్పటి ఆటలలో అధిక భాగం గుళ్ళవర్షమే. శత్రు నౌకలు వస్తాయి, కాల్చాలి, మళ్ళీ వస్తాయి. మియామోటో మొదట ఒక కథ అనుకున్నారు. ఒక గొరిల్లా తన యజమాని అయిన వడ్రంగి ప్రియురాలిని ఎత్తుకొనిపోయి, కడుతున్న భవనం పైకి ఎక్కుతుంది. వడ్రంగి ఆ ఇనుప దూలాల మీదుగా, నిచ్చెనల మీదుగా పైకి పోవాలి. గొరిల్లా దొర్లించే పీపాలను గెంతి దాటాలి. 1981లో వెలువడిన ఈ ఆట పేరు 'డాంకీ కాంగ్'. అమెరికా శాఖ గట్టెక్కింది.

ఆ వడ్రంగి రూపం ఏర్పడిన తీరు పరిశీలింపదగినది. తెర మీద ఆ మనిషికి దక్కిన స్థలం సుమారు పదహారు చుక్కల ఎత్తు మాత్రమే. రంగులు మూడింటికి మించరాదు. అంత చిన్న ముఖంలో నోరు గీస్తే కనిపించదు. అందుచేత పెద్ద ముక్కు, దానికింద మీసం పెట్టారు. జుట్టు గీయడం, పరుగెత్తేటప్పుడు దానిని కదిలించడం కష్టం. కాబట్టి టోపీ తొడిగారు. చేతులు ఊగుతున్నట్లు తెలియాలంటే అవి దేహానికి భిన్నమైన రంగులో ఉండాలి. అందుకోసం భుజాల పట్టీలున్న పనివాని దుస్తులు వచ్చాయి. నేడు లోకమంతా గుర్తుపట్టే ఆ వేషంలో అలంకారం కోసం చేర్చినది దాదాపు ఏమీ లేదు. ప్రతి భాగమూ ఒక ఇబ్బందికి సమాధానం. అతడికి 'మారియో' అనే పేరు అమెరికాలో పెట్టారు. నింటెండో అద్దెకు తీసుకున్న గోదాము యజమాని పేరు మారియో సెగాలీ.

మంచి ఆలోచన అంటే ఒకే దెబ్బతో అనేక చిక్కులను విప్పేది అని మియామోటో భావించేవారు. ఆయనతో చిరకాలం కలిసి పనిచేసి, 2002లో నింటెండో అధ్యక్షుడైన సతోరు ఇవాటా ఈ సంగతిని పలుచోట్ల తెలియజేశారు.

1983లో జపాన్‌లో నింటెండో 'ఫామికామ్' అనే గృహోపయోగ యంత్రాన్ని విడుదల చేసింది. సరిగ్గా ఆ సంవత్సరమే అమెరికాలో వీడియో గేమ్‌ల వ్యాపారం కుప్పకూలింది. నాసిరకపు ఆటలు గుట్టలుగా వచ్చిపడటం అందుకు ఒక ముఖ్య కారణం. అటారీ సంస్థ అమ్ముడుపోని సరకును న్యూ మెక్సికోలోని చెత్తదిబ్బలో పూడ్చిపెట్టింది. 2014లో జరిపిన తవ్వకాలలో ఆ ఆటల పెట్టెలు బయటపడ్డాయి కూడా. ఇంటిలో ఆడే వీడియో గేమ్ ఒక తాత్కాలిక వ్యామోహమని, దాని కాలం తీరిందని అమెరికా వర్తకులు నిశ్చయించుకున్న సమయమది. ఆ వాతావరణంలో 1985 సెప్టెంబరు 13న జపాన్‌లో 'సూపర్ మారియో బ్రదర్స్' వెలువడింది. దర్శకుడు, నిర్మాత మియామోటో. సహచరుడు తకాషి తెజుకా. సంగీతం కోజి కోండో.

ఆ ఆట మొత్తం 40 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోనులో తీసే ఒక్క ఛాయాచిత్రం దానికి ఎన్నో రెట్లు పెద్దది. స్థలం చాలక ఆకాశంలోని మేఘానికి, నేలమీది పొదకు ఒకే బొమ్మను వాడి, రంగు మాత్రం మార్చారు. ఆడినవారిలో ఎందరో ఈ విషయాన్ని గమనించనే లేదు. దశలను గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసి ప్రోగ్రామర్లకు అందించేవారు.

ఈ ఆటలోని మొదటి దశ ఉపాధ్యాయులు కూడా అధ్యయనం చేయదగినది. అందులో ఒక్క సూచన కూడా మాటలలో లేదు. తెర వెలగగానే మారియో ఎడమవైపు నిలబడి కుడివైపు చూస్తుంటాడు. అతని ముందు ఖాళీ స్థలం ఉంటుంది. ఎటు నడవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. కొంచెం ముందుకు పోగానే ప్రశ్నార్థకంతో మెరిసే ఒక పెట్టె, ఎదురుగా కోపపు ముఖంతో వచ్చే ఒక చిన్న జీవి కనిపిస్తాయి. దానిని తాకితే మారియో చనిపోతాడు. కానీ ఆట అప్పుడే మొదలైంది గనుక పోయినది స్వల్పమే, పాఠం మాత్రం దక్కింది. మళ్ళీ వచ్చినప్పుడు గెంతుతాడు. గెంతు తప్పి దానిమీద పడితే అది అణగిపోతుంది. పైనున్న పెట్టెకు తల తగిలితే నాణెం వస్తుంది. మరో పెట్టెలోనుంచి పుట్టగొడుగు వెలువడుతుంది. అది శత్రువేమోనని ఆటగాడు జంకుతాడు. అది కుడివైపుకు జారిపోయి, గొట్టానికి తగిలి, తిరిగి అతనివైపే వస్తుంది. తప్పించుకొనేందుకు ఎగిరితే పైనున్న ఇటుకలు అడ్డుతగులుతాయి. చివరకు అది మారియోను తాకుతుంది. తాకగానే మారియో పెద్దవాడవుతాడు. ఇదంతా యాదృచ్ఛికం కాదు. గొట్టాన్ని, ఇటుకలను అక్కడ అలా అమర్చినది అందుకే.

కొంతదూరం పోయాక రెండు మెట్ల గుట్టల నడుమ ఒక సందు వస్తుంది. దాని అడుగున నేల ఉంది. తప్పి పడినా ప్రాణహాని లేదు. వెనువెంటనే అలాంటిదే మరొక సందు వస్తుంది. దానికి అడుగులేదు. మొదటిదాని దగ్గర దూకడం అలవరచుకున్నవాడు రెండవదానిని దాటగలుగుతాడు. ఇంత శ్రద్ధతో రూపొందిన మొదటి దశను వారు చివరలో తయారుచేశారు. ఆట స్వభావమంతా తమకు పూర్తిగా అర్థమైన తరువాతనే, ఏమీ తెలియనివానికి దానిని పరిచయం చేయగలమన్నది వారి ఉద్దేశం.

సూపర్ మారియో బ్రదర్స్ ప్రపంచమంతటా నాలుగు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడుపోయింది. అమెరికాలో చచ్చిపోయిందనుకున్న పరిశ్రమ మళ్ళీ ఊపిరి పోసుకుంది. 1990వ దశకంలో ఫామికామ్‌కు అనుకరణగా వచ్చిన చౌక యంత్రాల ద్వారా మారియో భారతదేశపు ఇళ్ళకు కూడా చేరాడు. మన పట్టణాలలో ఆ యంత్రానికి క్యాసెట్టు తగిలించి ఆడిన పిల్లలలో అనేకులకు దాని కర్త పేరు తెలియదు.

1986 ఫిబ్రవరిలో వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' మారియోకు భిన్నమైనది. అందులో నేరుగా సాగే దారి లేదు. అడవులు, కొండలు, గుహలు ఉన్న ఒక లోకంలో ఆటగాడు ఇష్టం వచ్చినట్లు తిరుగుతాడు. దారి తప్పుతాడు. సొనొబె బాలుని దీపం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. బల్ల సొరుగులో పెట్టుకొని, కావలసినప్పుడు తెరిచి తిరగగల చిన్న తోట వంటిది ఈ ఆట అని ఆయన భావన.

1996లో ఆట మూడు కొలతల లోకంలోకి ప్రవేశించినప్పుడు కూడా ఆయన పద్ధతి మారలేదు. 'సూపర్ మారియో 64' నిర్మాణంలో దశల కంటె ముందు మారియో నడక, పరుగు, గెంతులకే ఎంతో కాలం వెచ్చించారు. ఏ లక్ష్యమూ లేని చోట ఒక కుందేలును తరమడమే వినోదంగా అనిపించేవరకు ముందుకు పోలేదు. 1998లో వచ్చిన 'ఒకరినా ఆఫ్ టైమ్' నాటికి ఆయన ప్రధానంగా నిర్మాత. దర్శకత్వం పలువురు యువకుల చేతులలో ఉంది. ఆయనతో పనిచేయడం సులభం కాదని సహచరులు చెప్పుకునేవారు. దాదాపు పూర్తయిన ఆటను చూచి, మూలమే సరిగా లేదని తిరిగి చేయించేవారు. కోపించిన తండ్రి భోజనపు బల్లను తలక్రిందులు చేయడంతో ఈ అలవాటును వారు పోల్చేవారు.

ఆయనకు మరొక అలవాటు ఉండేది. ఆటలతో ఎన్నడూ పరిచయం లేని ఉద్యోగిని ఎవరినో పిలిచి, చేతికి యంత్రమిచ్చి, తాను వెనుక నిలబడి మౌనంగా చూచేవారు. ఏమీ చెప్పేవారు కాదు. ఎక్కడ తడబడ్డాడు, ఏది చూడలేదు, ఎందుకు నవ్వాడు అన్నవే ఆయనకు కావలసినవి. నిర్మాత తన ఆట బాగుందని ఎంత వాదించినా, కొన్నవాడి ఇంటికి వెళ్ళి వివరించలేడు గదా!

స్వగృహంలోని సాధారణ విషయాలు ఆయనకు ముడిసరకు అయ్యాయి. తోటపని నుంచి 2001లో 'పిక్మిన్', ఇంట పెంచిన కుక్క నుంచి 2005లో 'నింటెండాగ్స్', తన బరువు తానే తూచుకొని నమోదుచేసే అలవాటు నుంచి 2007లో 'వీ ఫిట్' పుట్టాయి. చేయి ఊపితే ఆడగలిగే 'వీ' యంత్రం పది కోట్లకు పైగా అమ్ముడై, ఎన్నడూ ఆడని వృద్ధుల చేత కూడా ఆడించింది. అయితే దాని వారసుడు 'వీ యు' 2012లో వచ్చి, కోటీ ముప్పై అయిదు లక్షల దగ్గర ఆగిపోయింది. రెండు తెరలను ఒకేసారి చూడవలసిన ఆ యంత్రం ఏమిటో కొనేవారికి సుబోధకం కాలేదు. క్రొత్తవాని కళ్ళతో చూడటమే బలంగా గల సంస్థకు ఈ దెబ్బ అక్కడే తగలడం గమనార్హం.

2015 జులైలో ఇవాటా మరణించగా, కొత్త అధ్యక్షుని నియామకం వరకు సంస్థ బాధ్యతను మియామోటో, గెన్యో తకెడా వహించారు. ఆపై ఆటల నిర్మాణాన్ని యువతరానికి వదలి, ఆయన మారియోను తెర వెలుపలికి తీసుకువచ్చే పనిలో నిమగ్నులయ్యారు. 1993లో ఇతరులు తీసిన మారియో చలనచిత్రం పరాజయం పొందింది. 2023లో ఆయన స్వయంగా సహనిర్మాతగా ఉన్న యానిమేషన్ చిత్రం 130 కోట్ల డాలర్లకు మించి వసూలు చేసింది. జపాన్ ప్రభుత్వం 2019లో ఆయనను సాంస్కృతిక సేవలకుగాను సత్కరించింది. వీడియో గేమ్‌ల కర్తకు అటువంటి గౌరవం దక్కడం అపూర్వం.

2024 అక్టోబరులో క్యోటో సమీపాన ఉజి పట్టణంలో నింటెండో మ్యూజియం తెరిచారు. ఒకప్పుడు పేకముక్కలు తయారైన కర్మాగారమే ఆ భవనం. ప్రారంభానికి ముందు దాని విశేషాలను లోకానికి చూపించినది మియామోటోయే. అక్కడ పాత యంత్రాలన్నీ వరుసగా పేర్చి ఉన్నాయి. సందర్శకులు కోరితే ఒక గదిలో కూర్చొని, సంస్థ తొలినాటి పూల పేకముక్కలను తమ చేతులతో తామే తయారుచేసుకోవచ్చు.