కత్తి ఉన్న కుట్టుమిషను: ఇంట్లో ఓవర్‌లాక్ వాడేవారు చేయవలసినవి, చేయకూడనివి

మామూలు మిషను మీద ఏళ్ల తరబడి జాకెట్లు కుట్టిన చేతికైనా ఓవర్‌లాక్ కొత్తే. అందులో బాబిన్ ఉండదు. కింద రెండు లూపర్లు, పైన ఒకటో రెండో సూదులు, పక్కనే బట్ట అంచును కోసుకుంటూ పోయే కత్తి ఉంటాయి. ఇళ్లలో వాడేవే చాలా వరకు నిమిషానికి 1,300 నుంచి 1,500 కుట్లు వేస్తాయి. అంటే సెకనుకు 20కి పైగా, కత్తి కూడా అన్నిసార్లు ఆడుతుంది. బట్ట జారిందని మనం గమనించేలోపే కోత పడిపోతుంది. అందుకే దీన్ని ముందు కోసే మిషనుగా, ఆ తర్వాతే కుట్టే మిషనుగా చూడమని చెబుతాను.

కొనేటప్పుడు

మన ఊళ్లలో ముఖ్యంగా రెండు రకాలు దొరుకుతాయి. టైలర్ షాపుల్లో స్టాండు మీద బిగించి, మోటారు, బెల్టుతో నడిపే చిన్న మూడు దారాల మిషను ఒకటి. మోటారు లోపలే ఉండి బల్ల మీద పెట్టుకునే నాలుగు దారాల మిషను రెండోది. మొదటిది గట్టిది, రిపేరు ఎక్కడైనా చేస్తారు. అయినా ఇంట్లో పిల్లలు తిరుగుతుంటే రెండోదే తీసుకోండి. బయటికి ఉన్న బెల్టు చున్నీనో జడనో లాక్కోవడానికి క్షణం చాలు. మొదటిదే కావాలనుకుంటే బెల్టుకు కవరు వేయించకుండా ఇంటికి తేవద్దు.

షాపువాళ్లు కుట్టు ఎంత నున్నగా పడుతుందో చూపిస్తారు. అది చూశాక లూపర్ల ముందున్న తలుపు తెరిచి ఉంచి, పెడల్ నొక్కమనండి. కొన్ని మోడళ్లలో తలుపు తెరిస్తే మిషను కదలదు. అలాంటిది దొరికితే కాస్త ధర ఎక్కువైనా వదులుకోకండి. ఆ తర్వాత దారాలన్నీ తీయించి మీ చేత్తో ఎక్కించి చూడండి. దారం ఎక్కించడం రాకపోతే ఇంటికొచ్చాక విసుగు పుడుతుంది, ఆ విసుగులోనే వేళ్లు పెట్టకూడని చోట పెడతాం. ఏ రకం సూది పడుతుందో బిల్లు మీద రాయించుకోండి. కొన్నిటికి మామూలు ఇంటి మిషను సూదే సరిపోతుంది, కొన్నిటికి సరిపోదు. పట్టింది కదా అని ఏదో ఒకటి బిగిస్తే అది లూపర్‌కు తగిలి విరుగుతుంది.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చిచ్చిన మిషనైతే ఇంకో జాగ్రత్త ఉంది. అక్కడి కరెంటు 120 వోల్టులు, ఇక్కడ 230. పిన్నుల ఆకారం మార్చే అడాప్టర్ వోల్టేజీని తగ్గించదు. మిషను మీద 120 వోల్టులని మాత్రమే రాసి ఉంటే మన సాకెట్లో నేరుగా పెట్టవద్దు, కాలిపోతుంది. మిషను వాట్ల కన్నా ఎక్కువ మోయగల స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి.

దారం ఎక్కించేటప్పుడు

ప్లగ్గు లాగాకే వేళ్లు లోపల పెట్టాలి. పెడల్ మీద నుంచి కాలు తీస్తే చాలదు, బల్ల కింద ఆడుకునే పిల్లవాడి మోకాలు తగిలినా సూది దిగుతుంది. క్లచ్ మోటారున్న పెద్ద మిషనైతే స్విచ్ ఆపాక కూడా మోటారు కాసేపు తిరుగుతూనే ఉంటుంది, పూర్తిగా ఆగేదాకా ఉండండి. ఇది తెలిసినవాళ్లు కూడా ప్లగ్గు తీయకపోవడానికి ఒక కారణముంది. ప్లగ్గు తీస్తే మిషను బల్బు ఆరి, లూపర్లు కనిపించవు. పక్కన విడిగా చిన్న టేబుల్ లైటు పెట్టుకోండి, ఆ ఇబ్బంది తీరుతుంది.

చేతి చక్రాన్ని గుర్తు చూపిన వైపే తిప్పుతూ, పట్టకారుతో ముందు పై లూపర్‌కు, తర్వాత కింది లూపర్‌కు, చివర్న సూదులకు దారం ఎక్కించాలి. చాలా ఇంటి మిషన్లకు ఇదే వరస. మీ పుస్తకంలో వేరేగా ఉంటే పుస్తకం చెప్పినట్టే చేయండి. సూదుల్లో దారం ఉండగానే కింది లూపర్ దారం మారిస్తే, సూది దారం దానికి అడ్డం పడి మళ్లీమళ్లీ తెంచేస్తుంది. కొత్తవాళ్లు అది టెన్షన్ లోపమనుకుని డయళ్లన్నీ తిప్పేస్తారు. సూదుల నుంచి దారం తీసి, వరసగా మళ్లీ ఎక్కిస్తే చాలు.

నేర్చుకునే రోజుల్లో నాలుగు కోన్లకూ నాలుగు రంగులు పెట్టండి. ఏ దారం ఎటు పోతోందో, ఏది వదులైందో పాత దుప్పటి ముక్క మీద కళ్లెదుటే తెలుస్తుంది.

కుట్టేటప్పుడు

కత్తి దగ్గరికి గుండుసూది పోనివ్వకండి. సూది తగిలితే కత్తి అంచు విరిగి, ఆపైన కోసిన ప్రతి బట్టలోనూ అక్కడ పీచు లేస్తుంది. అంతకన్నా ముఖ్యం, తెగిన ముక్క ఎటు ఎగురుతుందో తెలియదు, మన మొహం మిషనుకు జానెడు దూరంలోనే ఉంటుంది. బట్టను కుట్టు క్లిప్పులతోనో కచ్చా కుట్టుతోనో పట్టించుకోండి. క్లిప్పును ఫుట్టు ముందుకు రాకముందే తీసేయండి. గుండుసూదే దిక్కైతే అంచుకు అంగుళం లోపల, అంచుకు సమాంతరంగా గుచ్చండి. జిప్పుకూ, హుక్కుకూ, మగ్గం వర్క్ పూసలకూ ఇదే మాట: అంచున ఉన్నవాటిని ముందే విప్పేయాలి. మామూలు చూపు ఉన్నవాళ్లు కూడా కళ్లద్దాలు పెట్టుకుంటే మంచిది.

- పైట కొంగు బొడ్లో దోపుకుని, జడ ముడి వేసుకుని కూర్చోండి. వేలాడే చున్నీ వద్దు.
- కత్తి కింద రాలే పీలికలను మిషను నడుస్తుండగా లాగవద్దు.
- బట్టను వెనక నుంచి లాగవద్దు. సూది వంగి లూపర్‌కు కొట్టుకుంటుంది.
- జాకెట్టు పక్కల్లో లూజు చేసుకోవడానికి వదిలిన బట్టను కత్తికి ఇవ్వకండి, అంచున పోగులు మాత్రమే కోయనివ్వండి.
- లేచి వెళ్తే, తలుపు కొట్టింది ఎవరో చూడడానికైనా సరే, స్విచ్ ఆపే వెళ్లండి.

పని అయ్యాక ప్లగ్గు తీసి, లూపర్ల దగ్గర చేరిన నూగును కుంచెతో తీయండి. నోటితో ఊదితే కళ్లలో పడుతుంది. నూగు పేరుకుని మోటారుకు గాలి ఆడకపోతే వేడెక్కుతుంది, నూనెలో తడిసిన నూగు తేలిగ్గా అంటుకుంటుంది. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వేయకండి, జిగురుకట్టి మిషను బిగుసుకుపోతుంది. మిషను ఆయిలే, అదీ పుస్తకం చెప్పిన చోటే వేయాలి.

వేలికి సూది దిగితే చేయి గుంజుకోవద్దు. ముందు ప్లగ్గు తీయించండి, తర్వాత చేతి చక్రం తిప్పి సూదిని పైకి లేపండి. రక్తం ఆగేదాకా శుభ్రమైన గుడ్డతో అదిమి, నీళ్లతో, సబ్బుతో కడగండి. విరిగిన సూదిలో ఒక్క ముక్క కనిపించకపోయినా అది వేల్లో ఉండిపోయిందనే అనుకోవాలి. గుచ్చి తీయాలని చూడకుండా ఆసుపత్రికి వెళ్తే ఎక్స్‌రేలో తెలుస్తుంది. టీటీ ఇంజెక్షన్ సంగతి కూడా అడగండి. దొరికిన సూది ముక్కలను కాగితంలో చుట్టి వెంట తీసుకెళ్లండి, లోపల ఎంత మిగిలిందో డాక్టరు వాటిని చూసి అంచనా వేస్తారు.