రిబ్బను లౌడుస్పీకరు – పలుచని రేకు నేర్పు పాఠము

మన యూళ్లలో లౌడుస్పీకరు అనగానే పందిరికంబమునకు కట్టిన పెద్దగొట్టము జ్ఞాపకమునకు వచ్చును. అది వీధి చివఱదాక వినిపించుటకై యేర్పడినది. అయితే పెద్దగా వినిపించుట వేఱు, ఉన్నదున్నట్లు వినిపించుట వేఱు. ఈ రెండవదాని కొఱకే ఇంటిలో పరికరములను ఓపికతో అమర్చుకొను సంగీతప్రియులు లోకమున పెక్కుమంది కలరు. వారిలో కొందఱకు రిబ్బను లౌడుస్పీకరు మిక్కిలి ప్రీతిపాత్రము. అది పనిచేయు విధమును, దాని గుణదోషములను ధర్మవరము, హిందూపురము, పెనుకొండ ప్రాంతముల విద్యార్థు లెఱిగిన వస్తువులతోనే చెప్పదలచితిమి.

మొదట ధర్మవరపు పట్టుచీరె అంచున మెఱయు జలతారును చూడుడు. మేలి జరీకై వెండితీగెను సన్నముగా సాగదీసి, అణచి, పలుచని బద్దెగా జేసి, నూలుపోగుపై చుట్టి, బంగారుపూత పెట్టుదురు. అది లోహమే; అయినను పలుచనిదగుటచే పోగు వంగినట్లెల్ల తానును వంగును. రిబ్బను లౌడుస్పీకరులోని ప్రధానాంగము గూడ ఇట్టి లోహపుబద్దెయే. దానిని సాధారణముగా అల్యూమినియముతో చేయుదురు. తలవెండ్రుకకంటె ఎన్నోరెట్లు పలుచనైన యా రేకును చిన్నచిన్న మడతలుగా నొక్కి, బలమైన అయస్కాంతముల ధ్రువముల నడుమ వదులుగా నిలుపుదురు.

విద్యుత్ప్రవాహము దిక్సూచి ముల్లును కదల్చునని 1820లో డెన్మార్కు శాస్త్రజ్ఞుడు అయిర్‌స్టెడ్ కనుగొనెను. అయస్కాంతము నడుమనున్న తీగెలో ప్రవాహము సాగినచో ఆ తీగెయు ఒక ప్రక్కకు త్రోయబడును. ప్రవాహపు దిక్కు మాఱినచో కదలిక దిక్కును మాఱును. పాటలోని స్వరముల ననుసరించి ప్రవాహము క్షణమునకు వందలు, వేలమార్లు దిక్కు మార్చుకొనగా, రేకు అట్లే ముందునకును వెనుకకును ఊగి గాలిని కదల్చును. అదియే మన చెవికి ధ్వని. వాడుకలోనున్న సామాన్యపు స్పీకరులో రాగితీగె చుట్టకు కాగితపు గరాటు నతికింతురు. చుట్ట కదలి గరాటును కదల్చును. రిబ్బనులోనన్ననో ప్రవాహమును మోయునదియు, గాలిని కదల్చునదియు ఆ రేకే. బరువు లేనందున పిలిచిన వెంటనే కదలును, ఆగవలసినచోట ఆగును. వీణతీగెపై గోటిమీటు, తాళపు గలగల స్ఫుటముగా వినబడుటకు కారణ మిదియే.

జర్మనీ దేశమున షాట్కీ, గెర్లాఖ్ అను శాస్త్రజ్ఞులు 1924 ప్రాంతమున ఇట్టి రిబ్బను యంత్రమును నిర్మించిరి. ఇదే యేర్పాటును తిరుగవేసినచో మైక్రోఫోనగును: ధ్వని రేకును కదల్చును, రేకునందు ప్రవాహము పుట్టును. 1930 తరువాతి సంవత్సరములలో అమెరికా రేడియోకేంద్రము లనేకము లిట్టి మైక్రోఫోనులను వాడెను.

విద్యార్థులు దీనిని తమ కన్నులతో చూడవచ్చును. వంటయింటి అల్యూమినియము రేకును వ్రేలిలో సగము వెడల్పున జానెడు పొడవుగా కత్తిరించి, గుఱ్ఱపులాడము వంటి అయస్కాంతము నడుమ వదులుగా వ్రేలాడదీయుడు. టార్చిలైటు బ్యాటరీ నొకదానిని తీగెలతో దాని రెండు కొనలకు క్షణమాత్రము తాకింపుడు. రేకు ఎగిరిపడును. బ్యాటరీని త్రిప్పి తాకింపగా ఎదుటి దిక్కునకు ఎగురును. ఎక్కువసేపు తాకించి యుంచరాదు. రేకును బ్యాటరీయు వేడెక్కును. ఇంటి కరెంటుతో ఈ ప్రయోగమును ఎన్నడును చేయరాదు, అది ప్రాణాపాయము.

ఇక హిందూపురము చేరువనున్న లేపాక్షికి పోవుదము. అచ్చటి నాట్యమంటపపు స్తంభములపై వాద్యములు వాయించు మూర్తులు చెక్కబడియున్నవి. వానిలో వీణయు కలదు, మద్దెలయు కలదు. వీణతీగె సన్ననిది, మద్దెల మూత వెడల్పైనది. మంద్రధ్వని పుట్టుటకు చాల గాలి కదలవలెను. చిన్న రేకు అంత గాలిని కదల్పజాలదు. కావున రిబ్బనుప్రియుల యింటిలో పని పంచబడియుండును. గ్రామఫోను ప్లేటునుండి వచ్చిన సన్నని సంకేతమును ఆంప్లిఫయరు పెంచును. క్రాసోవరు అను పరికరము తారధ్వనులను రిబ్బనునకును, మంద్రధ్వనులను పెట్టెలోని పెద్దగరాటునకును పంపును. రేకు యొక్క విద్యున్నిరోధము ఒక ఓముకంటె తక్కువ యగుటచే, దానికిని ఆంప్లిఫయరునకును నడుమ తఱచుగా ట్రాన్స్‌ఫార్మరు నుంతురు. మంద్రమును గూడ రిబ్బనుతోనే పలికింపగోరి, 1981లో అమెరికాలో పుట్టిన అపోజీ అను సంస్థ నిలువెత్తు రేకులతో స్పీకరులను చేసెను. సంస్థ మూతపడినను వానిని బాగుచేయించుకొని వాడువారు నేటికిని కలరు.

పెనుకొండ మఱియొక పాఠము చెప్పును. కొండబండ కెదురుగా 170 మీటర్ల దూరమున నిలిచి కేకవేసినచో, ధ్వని క్షణమునకు సుమారు 340 మీటర్లు పోవును గనుక, ఇంచుమించు ఒక క్షణమునకు ప్రతిధ్వని వినవచ్చును. వెనుకభాగమును మూయని రిబ్బను స్పీకరు ముందునకు పాడినట్లే వెనుకకును పాడును. ఆ వెనుకటి పాట గోడకు తగిలి తిరిగివచ్చి ముందటి పాటతో కలియును. గోడ మరీ దగ్గఱనున్న మాట కలగాపులగ మగును. అందుచే ఎఱిగినవారు స్పీకరును గోడకు దూరముగా జరిపి, విని, మరల జరిపి సరిచూచుకొందురు. ఖర్చులేని యీ శ్రమ విలువైన పరికరమంత మేలు చేయును.

దీనికి దోషములును లేకపోలేదు. వెల హెచ్చు. గట్టిగా ఊదిన గాలికే రేకు సాగిపోవచ్చును. ఇనుపరజను అయస్కాంతమున కంటుకొని దానిని చెఱచును. మితిమీఱి మ్రోగించినచో చినిగిపోవును. అయితే చినిగిన రేకును మార్చవచ్చును. మన చెవిలోపలి సన్నని గ్రహణకణములు చెడినచో మరల మొలవవు. 85 డెసిబెళ్లకు మించిన మ్రోతలో దినమునకు ఎనిమిది గంటలు ఏండ్లతరబడి గడపువారి వినికిడికి హాని కలుగును. మరమగ్గముల నడుమ పనిచేయువారును, ఉత్సవములలో స్పీకరు నెదుటనే నిలుచు పిల్లలును దీనిని గుర్తుంచుకొనవలెను.

తలిదండ్రులారా, విద్యార్థులారా! రిబ్బను స్పీకరు అందఱ యింటికి రాదు. రావలసిన పనియు లేదు. కాని యింటిలోని చిన్న రేడియోనైనను తగ్గించి పెట్టి, మాటలు మాని, ఒక్క పాటను మొదటినుండి చివఱవఱకు వినుట అందఱకును సాధ్యము. ఎంత పెద్దగా వింటిమని గాక, ఎంత వివరముగా వింటిమని మనలను మనము ప్రశ్నించుకొందము. అట్లు వినగలిగిన చెవిని కాపాడుకొనుటయే మొదటి పని. పరికరము దాని తరువాతిది.