ఓపిక ఉన్న రోజు వంట, లేని రోజు భోజనం

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి, రాజోలు నుండి మేనత్త ఆశీస్సులు.

నీకు వచ్చిన రుమటాయిడ్ ఆర్థరైటిస్ వయసు మీద పడటం వల్ల వచ్చే మోకాళ్ల నొప్పి కాదు. శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీళ్ల లోపలి పొర మీద దాడి చేయడం వల్ల కలిగే దీర్ఘకాలిక వ్యాధి అది, అందుచేత నొప్పితో పాటు ఒళ్లంతా కమ్ముకునే నీరసం కూడా ఆ వ్యాధిలో భాగమే తప్ప రోగి బద్ధకం కాదు. నిద్ర లేచిన తరువాత చాలాసేపు వేళ్లు బిగుసుకుపోయి ఉండటం దీని ముఖ్య లక్షణం కాగా, పిల్లలు బడికి, పెద్దలు పనికి బయలుదేరే లోపల వంట ముగియాలన్నది కోనసీమ ఇళ్లలో పాతుకుపోయిన ఆనవాయితీ. ఈ రెండింటికీ పొసగదు. వ్యాధి వేళ మారదు కనుక వంట వేళే మారాలి. తరగడం, రుబ్బడం, వేయించడం వేళ్లు వదులయ్యే మధ్యాహ్నానికి జరగాలి, ఉదయానికి వేడి చేయడం తప్ప మరే పనీ మిగలకూడదు.

ఒంట్లో ఉన్న ఓపికను ముందుగా అంచనా వేసుకుని, అది పూర్తిగా ఖర్చు కాకముందే పని ఆపి విశ్రమించే పద్ధతిని పేసింగ్ అంటారు. లూపస్ అనే ఇదే కోవ వ్యాధితో జీవిస్తున్న అమెరికా రచయిత్రి క్రిస్టీన్ మిజరాండినో 2003లో రాసిన వ్యాసంలో, రోజుకు దక్కే ఓపికను చేతిలో ఉన్న కొన్ని చెంచాలుగా ఊహించి, స్నానం, వంట, ప్రయాణం ఒక్కొక్కటీ వాటిలో కొన్నింటిని తీసుకుపోతాయని వివరించింది. కాస్త బాగున్న రోజున ఇల్లంతా కడిగి, పిండివంటలు చేసి, తరువాత రెండు రోజులు మంచం పట్టడం ఈ లెక్క తెలియకపోవడం వల్ల జరిగేదే. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు వారానికి ఒకసారి వేసుకునే మెథోట్రెక్సేట్ మందు వల్ల మరునాడు కొందరికి వికారం, నీరసం కలుగుతాయి. నీకు అలా జరుగుతున్నట్లయితే ఆ రోజును వంట లేని రోజుగా ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచాలి.

ముందుగా వండి పెట్టుకోవడమంటే మూడు రోజుల కూరలన్నీ ఒకేసారి వండటం కాదు. వంటను విడి భాగాలుగా చేసి, కష్టమైన భాగాన్ని మాత్రమే ముందుగా ముగించడం మేలు. ఉప్పు, పులుపు వేయకుండా కుక్కరులో మెత్తగా ఉడికించిన కందిపప్పును చిన్న గిన్నెలలో సర్ది ఫ్రిజ్‌లో ఉంచితే, ఒక పూట నెయ్యి వేసి ముద్దపప్పుగా, మరో పూట చింతపండు పులుసు పోసి పప్పుచారుగా, ఇంకో పూట తోటకూరతో కలిపి వాడుకోవచ్చు. పోపు పెట్టి నూనె తేలేదాకా ఉడికించిన పులిహోర గుజ్జు ఫ్రిజ్‌లో వారం పైగా ఉంటుంది. కొబ్బరికి లోటు లేని సీమ అయినా కాయ కోరడం మణికట్టుకు శిక్షే. కాబట్టి ఇంట్లో మరొకరి చేత నాలుగు కాయలు ఒకేసారి కోరించి, తురుమును పలుచని పొట్లాలుగా ఫ్రీజరులో దాచుకోవాలి.

తరిగిన కూరలు కొనడాన్ని చిన్నతనంగా భావించనక్కరలేదు. పనసపొట్టును బజారులో కొట్టించి తెచ్చుకోవడం గోదావరి జిల్లాలలో తరతరాలుగా ఉన్నదే, దానివల్ల ఏ ఇల్లాలి పేరూ చెడలేదు; ఆ మర్యాదనే ఒలిచిన వెల్లుల్లికి, రుబ్బిన పిండికి కూడా ఇవ్వడం న్యాయం. పొట్టిక్కల కోసం పనసాకులు కుట్టే పని ఈ వ్యాధి ఉన్న వేళ్లకు తగదు, అదే పిండి ఇడ్లీ రేకులలో పోసినా కడుపు నింపుతుంది.

నీరసం ఉన్నవారికి దిబ్బరొట్టె అన్నిటికంటే అనువైన వంట. ఒక గ్లాసు మినపప్పు నాలుగు గంటలు నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన రెండు గ్లాసుల బియ్యపు రవ్వ, ఉప్పు, జీలకర్ర కలిపితే ఆ పిండి ఫ్రిజ్‌లో రెండు రోజులు ఉంటుంది. రెండు పిడులున్న, మరీ బరువు లేని మందపాటి మూకుడులో నూనె వేసి, పిండిని దళసరిగా పరిచి మూత పెట్టి సన్నని సెగ మీద వదిలితే, ఇరవై నిమిషాల వరకు పొయ్యి పక్కన కుర్చీలో కూర్చోవడమే పని. అడుగు ఎర్రబడ్డాక రొట్టెను మొత్తంగా తిప్పే ప్రయత్నం చేయకుండా, మూకుడులోనే నాలుగు ముక్కలుగా కోసి ఒక్కొక్కటి అట్లకాడతో తిరగేయాలి.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావక, గది వేడిమిలో మొలకెత్తి విషాన్ని తయారుచేస్తాయి, తిరిగి కాచినా ఆ విషం పోదు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు ఈ విషయంలో ఇతరుల కంటే మెలకువగా ఉండాలి. మిగిలిన అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి చల్లార్చి, రెండు గంటల లోపల ఫ్రిజ్‌లో పెట్టి, మరునాటికి ముగించాలి. పెద్దలు మెచ్చే చద్దన్నం, తరవాణి ఈ మందులు వాడుతున్నంతకాలం వైద్యుణ్ణి అడగకుండా తినకూడదు. పైగా 1996 నవంబరు తుపాను, 2022 జూలై వరదలు చూసిన సీమలో ఫ్రిజ్ ఒక్కదాన్నే నమ్ముకోవడం మంచిది కాదు. కందిపొడి, కరివేపాకు పొడి, వేయించి డబ్బాకెత్తిన ఉప్పుడుపిండి రవ్వ కరెంటు లేని రోజులకు ఆధారం.

ఊరగాయలు, వడియాలు కూడా అలాంటి నిల్వలే అయినా, ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ ఐదు గ్రాముల లోపు ఉప్పునే సూచిస్తున్నందున అవి నంజుకోవడానికే పరిమితం కావాలి. నొప్పి మాత్రలు ఏళ్ల తరబడి వాడినవారిలో మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. అలా జరిగితే పొటాషియం ఎక్కువగా ఉండే కొబ్బరిబొండం నీళ్లు సైతం చెరుపు చేస్తాయి కనుక, రక్తపరీక్ష చూపించి అడిగిన తరువాతే తాగాలి.

ఈ పద్ధతి మొదలుపెట్టిన మొదటి వారం ఉడికించిన పప్పు, ఒక పొడి, ఈ రెండు చాలు. పులిహోర గుజ్జు రెండో వారానికి, పిండి రుబ్బడం ఆ తరువాతకు ఉంచాలి. బిగుతు మూత సీసాలను అటక మీదకు పంపి, నొక్కితే తెరుచుకునే తేలిక డబ్బాలు నడుము ఎత్తులో సర్ది, ప్రతి దాని మీదా వండిన తేదీ అంటించాలి. ఆ అంటించే పని అల్లుడుగారికి అప్పగించాలి, ఏ డబ్బాలో ఏముందో ఆయనకూ తెలిస్తే నువ్వు పడుకున్న పూట వడ్డన ఆగదు.

ఇట్లు,
మేనత్త